ఆశా అడిగే రెండు ప్రశ్నలు

ఇందుకూరుపేట మండలం మైపాడులో వలలు లాగీ, చేపల గంపలు మోసీ నడుము పోగొట్టుకున్నవాళ్లు వీధివీధినా కనిపిస్తారు. షుగరు బిళ్లల లెక్క చూడటం ఆశా కార్యకర్తకు సులువే. మాట కలపడమే కష్టం. గడప దగ్గర కూర్చుని, నొప్పి ఊసెత్తకుండా ‘‘రాత్రి నిద్ర పట్టిందా అత్తా?’’ అంటుంది. అత్త చేపల రేటు చెబుతుంది, కొడుకు ఫోన్ చేయలేదంటుంది. ఈమె వింటుంది.

30 ఏళ్లు దాటినవాళ్లకు నింపే ఫారంలో రెండు ప్రశ్నలున్నాయి: గడిచిన రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా, మనసు దిగులుగా ఉందా అని. కాగితం చూసి చదివితే ‘‘అదేం లేదమ్మా’’ అనే జవాబే వస్తుంది. సీరియల్ చూస్తున్నావా, తిరునాళ్లకు పోయావా అంటూ అసలు సంగతి రాబట్టడంలోనే ఉంది పనితనమంతా.

ఒంటి బాధ, మనోవ్యథ, ఇంటి చిక్కులు అన్నీ కలిస్తేనే నొప్పి అని 1960లలో బ్రిటిష్ వైద్యురాలు సిసిలీ సాండర్స్ చెప్పారు. 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ తెరిచారు. ఆ పేరు వినకపోయినా, గౌరవ వేతనంతో నెట్టుకొచ్చే ఈ ఆశా కార్యకర్త చేసేది ఆ పనే.

తన వల్ల కాదనుకుంటే 2022లో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. 14416 కలిపి ఫోన్ అత్త చేతికిస్తుంది. ముందు కోడలిని మాత్రం ఏదో పని చెప్పి బయటికి పంపేస్తుంది.