దోమను బతికించిన ఇల్లు

మైక్రోస్కోపు ముందు కూర్చునే మా వృత్తిలో నేను తరచూ తలుచుకునే మనిషి బ్రిస్బేన్ డాక్టరు జోసెఫ్ బాంక్రాఫ్ట్. మా గోదావరి వైపు బోదకాలు చూడకుండా పెరిగినవాళ్లు తక్కువ. ఆ జబ్బుకు మూలమైన పెద్ద పురుగును పట్టుకున్నది ఆయనే.

1864లో ఇంగ్లండు నుంచి వచ్చి బ్రిస్బేన్‌లో ప్రాక్టీసు పెట్టారు. క్వీన్స్‌లాండ్‌కు యూనివర్సిటీ 1909లో గాని రాలేదు. ఆయన ఈ పరిశోధన రోగుల మధ్యనే సాగింది. రక్తంలో ఈదే పిల్ల పురుగులను 1872లోనే కలకత్తాలో టిమోతీ లూయిస్ అనే డాక్టరు చూశారు. వాటి తల్లి ఎక్కడుంటుందో తెలియలేదు. 1876 డిసెంబరు 21న ఒక రోగి చేతి మీది గడ్డలో బాంక్రాఫ్ట్‌కు చచ్చిన పురుగొకటి కనిపించింది. తర్వాత వరిబీజం నీరు తీస్తుంటే గొట్టపు సూది కన్నంలో మరో నాలుగు, ప్రాణంతో చిక్కాయి. వెంట్రుకంత మందం, మూడు నాలుగు అంగుళాల పొడవు. చీమూ నీరూ తీసి పారబోయడం ఏ డాక్టరుకైనా రోజువారీ పనే. ఈయన పారబోసే ముందు చూశారు. చూసింది దాచి, నమ్మకమైన మనిషి చేత పంపుతానని లండన్‌లోని పరాన్నజీవుల శాస్త్రవేత్త కాబోల్డ్‌కు రాశారు. కాబోల్డ్ ఆ పురుగుకు బాంక్రాఫ్ట్ పేరే పెట్టారు.

అయినా నన్ను ఎక్కువగా కదిలించేది ఆయన కొడుకు, డాక్టర్ టామస్ చేసిన పని. ఈ పురుగు దోమలో పెరుగుతుందని చైనాలో డాక్టర్ పాట్రిక్ మాన్సన్ అప్పటికే కనిపెట్టారు. కాని దోమ కొద్దిరోజులకే నీళ్లలో పడి చస్తుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకు జబ్బు వస్తుందనీ అనుకున్నారు. టామస్ దోమలకు అరటిపండు పెట్టి రెండు వారాలు దాటేదాకా బతికించారు. పురుగు పూర్తిగా ఎదగడానికి అన్నాళ్లు పడుతుంది మరి! కుట్టినప్పుడే అంటుకుంటుందేమోనని 1899లో సూచించి, దోమలను లండన్‌కు పంపారు. మరుసటి ఏడాది అక్కడ ‘జార్జ్ లో’ అనే డాక్టరు వాటి తొండంలో పురుగులను చూశారు.

ఆ అరటిపండు లేకపోతే మనం నీళ్లు కాచుకుంటూ, మురుగు కాలవలను వాటి మానాన వదిలేసేవాళ్లం. మన ఊళ్లలో అర్ధరాత్రి వేలు పొడిచి రక్తం తీసేవాళ్లను, ఏటా మాత్రలు తెచ్చేవాళ్లను విసుక్కోకండి. పిల్ల పురుగులు పైరక్తంలోకి వచ్చేది ఆ వేళకే. ఆ మాత్రలు వాటిని చంపితే దోమకు మోసుకుపోవడానికి ఏమీ మిగలదు.

టామస్ కూతురు జోసెఫిన్ మెకరాస్ కూడా డాక్టరే. రెండో ప్రపంచయుద్ధంలో కెయిర్న్స్‌లో ఆస్ట్రేలియా సైన్యం మలేరియా మందులను పరీక్షిస్తున్నప్పుడు, అందుకు కావలసిన దోమలను పెంచి బతికించే బాధ్యత ఆమె చూసుకున్నారు.