కెమెరా కంపము: సాక్ష్యమా, అలంకారమా?

కెమెరాను ట్రైపాడుపై నిలుపక చేతబట్టి చిత్రించు పద్ధతిని సమర్థించువారు సామాన్యముగా చెప్పు హేతువు ఒకటి కలదు. పరుగెత్తు మనుష్యునికి లోకము అదరుచు కనబడును, కావున అదరు చిత్రమే యథార్థమునకు సన్నిహితము అని వారి వాదము. వినుటకు సొంపుగనే యున్నది కాని యిది పరీక్షకు నిలువదు. తల ఎటు కదలినను కన్నులు తత్క్షణమే ఎదురు దిక్కునకు తిరిగి దృశ్యమును నిలుపుచున్నవి. లోచెవిలో సమతాస్థితిని తెలుపు అవయవమునకును కంటి కండరములకును గల యీ సంబంధము శరీరశాస్త్రజ్ఞులకు సుపరిచితము. పాఠకులే యీ పుటను చదువుచు తలను అటునిటు ఊపి చూడవచ్చును. అక్షరములు నిలిచియే యుండును. తలకు మాఱుగా పుటను ఊపినచో చదువుట దుర్ఘటమగును. కెమెరాకు అట్టి యేర్పాటు సహజముగా లేదు. కావున తెరపై అదరునది మనుష్యుని చూపు కాదు, యంత్రము.

అట్లయినచో అదరు చిత్రమును చూచినంతనే ‘ఇది నిజము’ అని మనకేల తోచును? ఇది కన్ను నేర్పినది కాదు, వార్తాచిత్రములు నేర్పినది అని మా యభిప్రాయము. 1937లో మ్యూనిచ్ నగరమున ఆరిఫ్లెక్స్ కెమెరా పుట్టిన పిదప, కటకముగుండనే దృశ్యమును చూచుచు నడచుట ఛాయాగ్రాహకునికి సులభమైనది. 1960లో విస్కాన్సిన్ రాష్ట్రమున కెనెడీ, హంఫ్రీలు పోటీపడిన ప్రాథమిక ఎన్నికను రాబర్ట్ డ్రూ బృందము ‘ప్రైమరీ’ అను చిత్రముగా తీసినది. అందు ఆల్బర్ట్ మేజిల్స్ కెమెరాను పైకెత్తి పట్టుకొని, జనసమ్మర్దమున సాగిపోవు కెనెడీ వెనుకనే నడచెను. ఆ యిఱుకున ట్రైపాడు నిలుపుటకు చోటే లేదు. ఆ కంపము ఎవరును కోరి తెచ్చుకొన్నది కాదు. పొగను చూచి నిప్పును ఊహించినట్లు, కంపమును చూచి ‘అచట ఒక మనుష్యుడుండెను’ అని ప్రేక్షకుడు ఊహించును. కంపమునకు గల విలువ యంతయు ఈ అనుమానప్రమాణముపై ఆధారపడియున్నది.

ఆ మనుష్యుడు ప్రాణములనే ఒడ్డిన సందర్భములును కలవు. 1973 జూన్ 29న చిలీ రాజధానియగు సాంటియాగోలో సైన్యమున ఒక భాగము తిరుగుబాటు చేసినప్పుడు, అర్జెంటీనా దేశీయుడగు లియోనార్డో హెన్రిక్సెన్ అను ఛాయాగ్రాహకుడు తనపై తుపాకి పేల్చు సైనికులను చిత్రించుచునే కూలిపోయెను. పాట్రీసియో గుజ్మాన్ తీసిన ‘చిలీ సమరము’ మొదటి భాగము ఆ చిత్రముతోనే ముగియును. అచట తెర తలక్రిందగుట మరణసాక్ష్యము.

కల్పితకథ యీ సాక్ష్యమును ఎరువు తెచ్చుకొనరాదని మేము చెప్పము. పాంటెకోర్వో 1966లో తీసిన ‘అల్జీర్స్ సమరము’ అట్టి ఎరువునకు ఉత్తమమైన ఉదాహరణము. ఛాయాగ్రాహకుడు మార్సెల్లో గాటీ దానిని వార్తాచిత్రముగనే భ్రమగొలుపునట్లు తీసెను. ఇందు వార్తాచిత్రమొక్క అడుగైనను లేదని అమెరికాలో ప్రదర్శించునపుడు ప్రకటింపవలసి వచ్చినది! ఐనను అచటి కంపమునకు ఒక యజమాని యున్నాడు. ఆ వీథులలో, ఆ గుంపులలో వార్తాచిత్రకారుడొకడు నిలిచియుండుట సంభవమే. మఱియు అవసరమైనచోట దర్శకుడు మనకు తేఱిపాఱ చూచుటకు వ్యవధి నిచ్చును. బాంబు తెచ్చిన స్త్రీ కాఫీశాలలో కూర్చుండి, చనిపోనున్న వారి ముఖములను ఒక్కటొక్కటిగా చూచును. ఆమెతోపాటు మనమును చూతుము. ఆ ముఖములు చెదరి కనబడినచో ఆ ఘట్టమునకు ప్రాణమే లేదు.

పాల్ గ్రీన్‌గ్రాస్ మార్గము ఇచటనుండియే విచార్యము. డెరీ పట్టణమున 1972లో జరిగిన కాల్పులనుగూర్చి 2002లో ఆయన తీసిన ‘బ్లడీ సండే’లో ఆ పద్ధతి ఇతివృత్తమునకు తగియున్నది. 2007 నాటి ‘బోర్న్ అల్టిమేటమ్’లో సైతము లండను నగరపు వాటర్లూ స్టేషను ఘట్టమును మేము మెచ్చుకొందుము. గుంపులో ఒకనిని వెదకు చూపు తడబడుట సహజము. కాని టాంజియర్‌లో మూసిన గదియందు ఇరువురు ప్రాణములకై పెనగులాడునప్పుడు ఆ కెమెరా ఎవరి చేతిలో నున్నది? కథలో అట్టివాడెవడును లేడు. ఆ చిత్రమున ఒక్కొక్క షాటు సగటున సుమారు రెండు సెకండ్లే. దానికి కంపమును తోడైనందున ఎవరి దెబ్బ ఎవరికి తగిలినదో తెలియుట కష్టము. కార్యాలయమున మాటలాడుకొను అధికారులును అట్లే అదరుచుందురు! ఈ చిత్రమునకు కూర్పునందు ఆస్కారు బహుమానము లభించినది. నేర్పు లేదనుట మా యాశయము కాదు, నేర్పు వ్యయమైన తావునుగూర్చియే మా శంక.

మన ఆలంకారికులు దీనికి ‘పునఃపునర్దీప్తి’ అని పేరుపెట్టి రసదోషములలో చేర్చిరి. పరిపుష్టమైన రసమును మరల మరల రగుల్చుట యని దాని యర్థము. మమ్మటుడు దీనికి లక్ష్యముగా కుమారసంభవమునందలి రతివిలాపమునే చూపుటకు జంకలేదు. మాటిమాటికి తాకబడిన రసము వాడిన పువ్వువంటిదగునని అంతకు పూర్వమే ఆనందవర్ధనుడు హెచ్చరించెను. కావ్యదోషమును యంత్రకళకు అంటగట్టుట యేల అని కొందఱనవచ్చును. దోషము యంత్రమునకు కాదు, సహృదయునికి కలుగు అనుభవమునకు సంబంధించినది. కావున ఈ అన్వయము యుక్తమే.

‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ (1999), ‘క్లోవర్‌ఫీల్డ్’ (2008) వంటివానిలో పాత్రలే కెమెరా పట్టుకొనుటచే యజమాని యెవరను ప్రశ్న తీఱినది. అచట బాధ దేహమునకు. కదలుచున్నావని కన్నును, కూర్చున్నావని చెవియు చెప్పుటచే కొందఱికి వాంతి పుట్టినది, కొన్ని ప్రదర్శనశాలలు హెచ్చరికలను అంటించినవి.

గారెట్ బ్రౌన్ కల్పించిన స్టెడీకామ్ 1976 నాటి చిత్రములలోనే కనబడినది. మన తెలుగున ‘శివ’ (1989) దానిని వాడుకొన్నది. అదరక నడచు ఉపాయము చేతనుండగా, అదరుట కోరి చేసికొన్నదే యగును. అంతటితో ఆగక, నిలుకడగా తీసిన దృశ్యమునకు కంప్యూటరుతో కంపమును చేర్చుటయు నేడు కలదు. అచట కెమెరా ఎవరి చేతిలోను అదరలేదు. సాంటియాగో వీథిలోని కంపమునకును దీనికిని గల భేదమును తెర చెప్పదు. పాంటెకోర్వో చిత్రమునకు ‘ఇది వార్తాచిత్రము కాదు’ అని ప్రకటింపవలసి వచ్చినది. ఇక హెన్రిక్సెన్ చిత్రమునకు ముందు ‘ఇది నిజముగా జరిగినది’ అని వ్రాసి చూపవలసి రావచ్చును.