ఉన్ని బంతి ఆడిన చేతులు

గోదావరి జిల్లాల్లో రిటైరైన పీఈటీ మాస్టారినో, స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో చేరి ఇప్పుడు పింఛను తీసుకుంటున్న పెద్దాయననో కదిపి చూడండి. మాట ధాన్యం ధర దగ్గర మొదలైనా బాల్ బ్యాడ్మింటన్ దగ్గర తేలే మనుషులు తగులుతారు. షటిల్ కాదండోయ్. పసుపుపచ్చ ఉన్ని బంతితో, జట్టుకు ఐదుగురు చొప్పున, ఆరుబయట మట్టి కోర్టులో ఆడే ఆట. తంజావూరు రాజకుటుంబం దీన్ని ముచ్చటపడి ఆడేదని చెబుతారు. 1954లో జాతీయ ఫెడరేషన్ కూడా ఏర్పడింది. అమెరికాలో పాత బేస్‌బాల్ ఆటగాడు కనబడితే సంతకం కోసం జనం వరస కడతారు. మన పాత ఆటగాడు బస్టాండులో పక్కనే నిలబడ్డా మనకు తెలియదు.

వాళ్లను కలిసినప్పుడల్లా నా చూపు మణికట్టు మీదికి పోతుంది. పాలకొల్లు వైపు ఒక మాస్టారు నాకోసం అటక మీది బ్యాటు దింపించారు. నాలుగు మరల చెక్క ప్రెస్సులో బిగించి ఉంది. మన తేమగాలికి కర్ర వంకరపోతుంది, తీగలు సాగుతాయి. అందుకే ఆ తరం వాళ్లు ఆట కాగానే ముందు బ్యాటును ప్రెస్సులో పెట్టి, ఆ తర్వాతే మంచినీళ్లు తాగేవారట.

షటిల్ బ్యాటు అలవాటైన చేతికి ఇది దాదాపు రెట్టింపు బరువు, 165 నుంచి 185 గ్రాముల దాకా ఉంటుంది. బంతి 27 నుంచి 30 గ్రాములు. షటిల్ కాక్ అయిదు గ్రాములే కదా, ఒట్టి మణికట్టు విదిలింపుతో ఎగిరిపోతుంది. ఉన్ని బంతి అలా మాట వినదు. భుజం కదలాలి, నడుం తిరగాలి, మణికట్టు పని చివర్లో. పైగా ఉన్ని పోగు బ్యాటు తీగల్ని పట్టుకుంటుంది. ఆ పట్టులోంచే ‘కట్’ పుట్టింది. బ్యాటును బంతికి ఎదురుగా కాక ఏటవాలుగా, కోసినట్టు లాగితే బంతి తనలో తాను తిరుగుతూ నెట్టు దాటి చప్పున దిగిపోతుంది.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. టెన్నిస్‌లో తిప్పుడు పనితనం ఎక్కువగా బంతి నేలను తాకాక బయటపడుతుంది. ఈ ఆటలో బంతి నేల తాకితే పాయింటు పోయినట్టే. అంచేత ఆ తిప్పుడు గాలిలో కొంత, మిగతాదంతా ఎదుటివాడి తీగల మీద బయటపడుతుంది. వాడు తిన్నగా కొట్టాననుకుంటాడు, బంతి పక్కకు జారుతుంది. “తప్పు వాడిదేనని వాడికే అనిపించాలండి, అదీ కట్ అంటే,” అన్నారు మాస్టారు నవ్వుతూ. ముసలితనంలో కూడా ఆ కొంటెతనం పోలేదు.

కోర్టు పొడవు 24 మీటర్లు, వెడల్పు 12. విస్తీర్ణంలో ఇది మూడు షటిల్ కోర్టుల కంటే ఎక్కువే. నెట్టు మధ్యలో 1.83 మీటర్ల ఎత్తు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, నడుమ ఒక్కడు. ఫ్రంటు వాళ్లకు చురుకు కావాలి, బ్యాకు వాళ్లకు భుజబలం. జట్టు నిలబడేది మాత్రం సెంటరు మీద. ముందువాళ్లను దాటి, వెనకవాళ్లను చేరని బంతులన్నీ అతనివే. అది తనదో, వెనకవాడిదో రెప్పపాటులో తేల్చి కేకెయ్యాలి. కేక ఆలస్యమైతే రెండు బ్యాట్లు టకీమని కొట్టుకుంటాయి. అమలాపురంలో నాకు పరిచయమైన ఒక పాత సెంటరు ఇప్పటికీ ఇంట్లో మామూలు మాట కూడా కేకలాగే మాట్లాడతారు. వాళ్లావిడ దానికి ఎప్పుడో అలవాటుపడిపోయారు.

డెల్టాలో ఈ ఆట ఆడాలంటే ముందు నేలతో పేచీ. మన నల్లమట్టి వానకు జిగటవుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అందుకని మెట్ట నుంచి ఎర్రమట్టి తోలించి, తడిపి, రోలరు లాగి, సున్నంతో గీతలు కొట్టేవారు. తర్వాతి పేచీ గాలితో. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి వచ్చే గాలికి బంతి దారి తప్పుతుంది కాబట్టి, టాసు గెలిచినవాడు సర్వీసు కంటే ముందు ఏ వైపు నిలబడాలో ఆలోచించేవాడు. సంక్రాంతి టోర్నమెంట్లలో రాత్రి మంచు ఇంకో పరీక్ష. ఉన్ని తేమ పీల్చి బరువెక్కుతుంది, మొదటి గేములో బ్యాకు లైను దాకా వెళ్లిన దెబ్బ మూడో గేముకు సగంలో రాలుతుంది. ఇప్పుడు పెద్ద పోటీలు ఇండోర్లోకి మారుతున్నాయి. ఆటగాళ్లకు సుఖమే, కాదనను. కానీ గాలిని చదవడం అనే సగం విద్య గోడల మధ్య అక్కరకు రాదు.

గేము ఒకప్పుడు 29 పాయింట్లకు, ఇప్పుడు 35కు. పాత పద్ధతిలో సర్వీసు చేసే జట్టుకే పాయింటు వచ్చేది కనుక ఒక్క పాయింటు కోసం సర్వీసు ఎన్నిసార్లు చేతులు మారేదో! ఆ ఓపికే ఆ తరం ఆటగాళ్ల మాటల్లోనూ కనబడుతుంది, ఒక్క ర్యాలీని పావుగంట చెబుతారు.

ఈ ఆటకు మొదటి అర్జున అవార్డు 1970లో మన తెలుగువాడు, వరంగల్‌లో స్థిరపడ్డ జమ్మలమడక పిచ్చయ్యకే వచ్చింది. ఆయన నూరేళ్లు దాటి బతికి 2021 డిసెంబరులో కన్నుమూశారు. 1984 తర్వాత ఈ ఆటకు అర్జున రాలేదు. ఒలింపిక్స్‌లో లేని ఆట, దేశం దాటి పెద్దగా వెళ్లని ఆట. అటు రావులపాలెం కిడాంబి శ్రీకాంత్, అమలాపురం సాత్విక్ సాయిరాజ్ షటిల్‌లో ప్రపంచ నంబర్ వన్ దాకా వెళ్లారు. తల్లిదండ్రులు పిల్లల్ని ఆ వైపు పంపడంలో తప్పేముంది? నా బాధల్లా వేరు. రెండు గుంజలు, ఒక నెట్టు, పదిమంది మనుషులుంటే సాయంత్రం గడిచిపోయే ఆట ఊళ్లకు ఇంకొకటి సులువుగా దొరకదు. అందులో డబ్బున్నవాడూ లేనివాడూ ఒకే కోర్టులో ఒకడి బంతి ఒకడు కాసుకోవాలి.

పాలకొల్లు మాస్టారు వేసవిలో కాలవలు కట్టేశాక, బడి ఆవరణలో పిల్లలకు ఇంకా నేర్పుతున్నారు. మొదట్లో బ్యాటివ్వరు. బంతి విసిరి చేత్తో పట్టమంటారు, కాళ్లు ఎటు కదిలాయో చూస్తారు. తర్వాత ఎడం పక్కకు వచ్చే బంతిని బ్యాక్‌హ్యాండ్‌తో ఎత్తడం. ఒక గడుగ్గాయి ఆగలేక అడిగాడు:

“స్మాషెప్పుడు నేర్పుతారు మాస్టారూ?”

“నీ పక్కవాడి బంతి నువ్వు కొట్టడం మానేశాక నేర్పుతాలేరా.”