సంగీతం మార్చొద్దు, ఆపేయండి

ఈ వారం ఒక ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. గోడ మీద టీవీలో చర్చ, స్పీకర్లో వేణుగానం, మధ్యమధ్య టోకెన్ నంబర్ల పిలుపు. పక్కనున్న పెద్దాయన తన నంబరు పిలిచారేమోనని పదే పదే లేచి వెళ్లి అడిగొస్తున్నాడు. నలుగురు కూర్చునే చోట చప్పుడు తగ్గించమని ఈ కాలమ్‌లో ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నానో పాత పాఠకులకు తెలుసు.

అక్కడున్నంతసేపూ నాకు ఇంగ్లిష్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో 1978లో చేసిన 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' ఆల్బమ్ గుర్తొస్తూనే ఉంది. జర్మనీలో కొలోన్ విమానాశ్రయంలో వినపడుతున్న సంగీతం ఆ చోటికి అతకలేదనిపించి, ప్రయాణికుడి మనసు కుదుటపరిచేది ఎలా ఉండాలని ఆలోచించాడాయన. అందులో '2/1' అనే ట్రాక్ మొత్తం గొంతులే. మాట లేదు, తాళం లేదు. ముగ్గురు స్త్రీలు, వాళ్లతో ఈనో, ఒక్కో స్వరాన్ని 'ఆ' అని నిలిపి పాడారు, అంతే.

ఒక్కో స్వరాన్ని ఒక్కో టేపు మీద ఎక్కించి, కొసలు అతికించి, ఆగకుండా తిప్పారు. టేపు ఎంత పొడవంటే, జర్మన్ సంగీత నిర్మాత కొనీ ప్లాంక్ స్టూడియోలో అల్యూమినియం కుర్చీల చుట్టూ తిప్పాల్సి వచ్చింది. ఒక స్వరం 23.5 సెకన్లకోసారి వస్తుంది, ఇంకొకటి దాదాపు 26కి, మరొకటి దాదాపు 30కి. ఏ రెండింటికీ లెక్క కుదరదు. అందుకే ఒకసారి రెండు గొంతులు హాయిగా కలుస్తాయి, ఒకసారి ఒరుసుకుంటాయి, ఒక్కోసారి ఏ గొంతూ ఉండదు. ఎవరూ ముందుగా రాసిపెట్టని ఆ కలయికలు నాకు ప్రాణం.

మాట లేని గొంతు మనకు కొత్త కాదు, రాగాలాపనలు వింటూ పెరిగినవాళ్లం. అయితే అక్కడ 'త ద రి న' అంటూ విద్వాంసుడు రాగాన్ని మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్తాడు, మనమూ వెంట వెళ్తాం. ఇక్కడ ఎవరూ ఎక్కడికీ రమ్మనరు. రిపోర్టు కోసం బిక్కుబిక్కుమంటున్న మనిషికి ఇంతకంటే మంచి తోడు ఉండదు.

మరి ఆ హాల్లో దీన్నే పెట్టమందామా? 1980లో న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయంలో పెట్టారు కూడా. మధ్యలో ప్రకటనలొచ్చినా చెడిపోకూడదనే ఈనో దాన్ని అలా కట్టాడు. ఆ ఒక్క విషయంలో ఆయనతో ఏకీభవించలేను. '2/1'లో గొంతులకెంత విలువో వాటి మధ్య ఖాళీకీ అంతే విలువ. ఆ ఖాళీలో టోకెన్ నంబరు వినపడితే, మిగిలేది ఇంకో చప్పుడే. పైగా వినాలో వద్దో తేల్చుకునే హక్కు రోగిది.

కనుక ఆసుపత్రి యాజమాన్యాలకు నా విన్నపం పాతదే. సంగీతం మార్చొద్దు, ఆపేయండి. టీవీ కూడా. పిలిచిన నంబరు ఆ మనిషికి వినపడితే చాలు. పాఠకులకు ఒక మాట: '2/1' తొమ్మిది నిమిషాలు కూడా ఉండదు. ఇంట్లో, వేరే పనేదీ పెట్టుకోకుండా వినండి.