చెవికీ కూలీ కట్టాలి

సూర్యాపేట నుంచి కోదాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి మీద కారు సాఫీగా సాగిపోతుంది. డిక్కీ నోరు మెదపదు. కోదాడలో మలుపు తిరిగి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ దారి పట్టామా, ధాన్యం లారీలూ సిమెంటు లారీలూ తిరిగే ఆ రోడ్డు మీద ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా వెనక నుంచి ‘టక్’. పెద్ద చప్పుడేమీ కాదు. కానీ ఒక్కసారి చెవిన పడితే ఇక వదలదు. దానికి మనలో చాలామందికి తెలిసిన వైద్యాలు రెండే: పాటల సౌండ్ పెంచడం, లేదంటే ‘లాక్ పోయింది, కొత్తది వేసెయ్’ అనడం.

సూర్యాపేటలో నేను వెళ్లే మెకానిక్ ఈ రెండూ ఒప్పుకోడు. “సార్, ముందుగాల ఆ పాట బంద్ చేయుండ్రి. డిక్కీల సామానంత దించుండ్రి” అంటాడు. స్టెప్నీ, జాకీ, పానాలు, వెనక అద్దం కింది పలక అన్నీ కిందికి దిగాల్సిందే. సగం కేసులు అక్కడే తేలిపోతాయి. జాకీ బిగింపు వదులైనా డిక్కీ లాక్ మీదే నింద పడుతుంది మరి. అప్పటికీ చప్పుడు పోకపోతే స్టీరింగ్ నాకిచ్చి, తను వెనక సీట్లో కూర్చుని, సీటు వీపుకి చెవి ఆనిస్తాడు.

డిక్కీ లాక్‌లోని యంత్రాంగం చిన్నది. డిక్కీ తలుపులో ఒక కొక్కెం, బాడీకి బోల్టులతో బిగించిన కడ్డీ ఒకటి. కొన్ని కార్లలో ఇవి తారుమారుగా ఉంటాయి. తలుపు వేయగానే కొక్కెం తిరిగి కడ్డీని పట్టుకుంటుంది, చిన్న మీట అడ్డుపడి దాన్ని వెనక్కి తిరగనివ్వదు. తలుపును కిందికి లాగి పట్టడం కొక్కెం పని. పైకి తోస్తూ ఉండడం అంచుల్లోని రబ్బరు బుష్‌లు, చుట్టూ ఉన్న బీడింగ్ పని. ఈ లాగుడు, తోపుడు సరిసమానంగా ఉన్నంతకాలం నిశ్శబ్దం. రబ్బరు అణిగిపోతే తోసేవాడు ఉండడు. ఇనుము ఇనుముకు తగిలి టక్‌మంటుంది. అంటే చప్పుడు లాక్‌ది, జబ్బు రబ్బరుది.

దీన్ని పట్టుకునే పరీక్షలకు పైసా ఖర్చు లేదు. మూసిన డిక్కీని అరచేత్తో అదిమి వదలాలి. కదిలి చప్పుడు చేస్తే వదులు ఉన్నట్టే. బీడింగ్ మీద కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగాలి. ఎక్కడ సులువుగా జారి వస్తే అక్కడ ఒత్తిడి లేదు. చివరగా, కడ్డీకి ఒక చుట్టు ఇన్సులేషన్ టేపు వేసి అదే గతుకుల దారిలో నడపాలి. చప్పుడు మాయమైతే దొంగ దొరికాడు. టేపు పరీక్ష వరకే, ఎక్కువ రోజులు ఆగదు.

మరమ్మతు కూడా అంతే క్లుప్తం. చాలా కార్లలో రబ్బరు బుష్‌లు మరల మీద తిరుగుతాయి. ముందు రెండు వైపులా సమానంగా కొద్దికొద్దిగా పైకి తిప్పి చూడాలి. మరీ పైకి తిప్పితే తలుపును బాదితే తప్ప పడదు, ఆ దెబ్బలన్నీ లాక్ మీదే. అప్పటికీ ఆగకపోతే కడ్డీ చుట్టూ మార్కర్‌తో గీత గీసుకుని, బోల్టులు వదులు చేసి, తలుపు బిగిసే వైపుకు ఒక మిల్లీమీటరు జరిపి బిగించాలి. తేడా వస్తే గీత దగ్గరికి తిరిగి రావచ్చు. మిర్యాలగూడలో రైసు మిల్లుల దగ్గర ఆగే బండ్లకు ఇంకో బెడద ఉంది. ఊక దుమ్ము పాత గ్రీజులో కలిసి గట్టిపడి, కొక్కేన్ని పూర్తిగా తిరగనివ్వదు. పాతది తుడిచేయకుండా కొత్త గ్రీజు పూస్తే దుమ్ముకు మరో పొర కట్టినట్టే. ఆ గ్రీజు బీడింగ్‌కు మాత్రం తగలనీయొద్దు, నూనె తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. బీడింగ్ సరిగా అతుక్కోకపోతే దుమ్ము, వానే కాదు, పొగగొట్టం వదిలే విషవాయువు కూడా లోపలికి రాగలదు. కాబట్టి ఇది చెవి చిరాకుతో పోయే వ్యవహారం కాదు.

ఇంతా చేస్తే మారిన పార్టు ఒక్కటీ ఉండదు. సరిగ్గా అక్కడే మన బుద్ధి బయటపడుతుంది. కొత్త లాక్ డబ్బా చేతిలో పెట్టి బిల్లు వేస్తే మారుమాట లేకుండా ఇస్తాం. గంటసేపు విని, వెతికి, మిల్లీమీటరు జరిపి చప్పుడు ఆపితే ‘ఏం మార్చావని అంత?’ అంటాం. ఆ మాట విన్న మెకానిక్ మరుసటిసారి వినడం మానేస్తాడు, పార్టు మారుస్తాడు. అవసరం లేని పార్టులు అమ్ముతున్నారని మనం గొణిగే గొణుగుడులో సగం పాపం మన బేరానిదే.

ఈసారి మీ బండి చప్పుడు పార్టు మారకుండానే ఆగిపోతే, దయచేసి బేరమాడకండి. అడిగినంత ఇచ్చి, ఎలా పట్టుకున్నాడో అడిగి తెలుసుకోండి.