డబ్బా ఇంకా పలకలేదు

ఆదివారం సాయంత్రాల్లో ఖిలా వరంగల్ కీర్తి తోరణాల దగ్గర జనం ఎక్కువ, సిగ్నల్ తక్కువ. వచ్చినవాళ్లంతా తోరణం కింద తీసిన వీడియోలు అక్కడికక్కడే ఎక్కిస్తుంటారు మరి. మొన్న రోడ్డు పక్కన మక్కకంకులు కాల్చే ఒకావిడకు ఓ కుర్రాడు ఫోన్‌తో డబ్బు కొట్టాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. బ్యాంకు నుంచి మెసేజ్ మాత్రం ముందే వచ్చేసింది.

“అక్కా, నా ఖాతాల కట్ అయినయ్.”

“నా డబ్బా పలుకలే గద తమ్మీ. అది ఒర్లితెనే నాకు పైసలు అచ్చినట్టు.”

వెనక జనం నిలబడ్డారు. కుర్రాడు విసుక్కుని మళ్లీ కొట్టాడు. కాసేపటికి, డబ్బు వస్తే పలికే ఆ స్పీకర్ డబ్బా వెంటవెంటనే రెండుసార్లు పలికింది. ఆవిడ నవ్వేసి, రెండో దానికి సరిపడా కంకులు చేతిలో పెట్టింది.

అక్కడ లెక్క సరిపోయింది. ఇదే పని సాఫ్ట్‌వేర్ చేస్తే మాత్రం, నవ్వి కంకులిచ్చే అక్క ఉండదు.

పని అడిగి, జవాబు కోసం కాచుక్కూర్చోకుండా ఇంకో పని చూసుకుంటూ, జవాబు వచ్చినప్పుడు అందుకోవడమే అసింక్రనస్ ప్రోగ్రామింగ్. 2016లో మొదలైన యూపీఐ లోపలి మాటామంతీ అంతా ఈ పద్ధతే. ఒక బ్యాంకు ‘ఇంత డబ్బు పంపు’ అని అడిగితే, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సర్వర్ వెంటనే చెప్పేది ‘నీ మాట అందింది’ అని మాత్రమే. పని అయిందా లేదా అన్నది తర్వాత వేరే సందేశంగా వస్తుంది. ఏ జవాబు ఏ ప్రశ్నదో పోల్చుకోవడానికి ప్రతి లావాదేవీకీ ఒక నంబరు ఉంటుంది. లైను పట్టుకుని ఎవరూ ఆగిపోరు కాబట్టే అంత రద్దీని అది మోయగలుగుతోంది. కుర్రాడు రెండోసారి కొట్టినప్పుడు కొత్త నంబరు పుట్టింది. అందుకే యంత్రానికి అవి రెండు వేర్వేరు కొనుగోళ్లు. పాత నంబరుతోనే మళ్లీ అడిగి ఉంటే, ఇది ముందు అడిగిందేనని అవతలివాడికి తెలిసేది.

ఇందులో నాకు నచ్చేది ఇంకొకటి ఉంది. డబ్బు కట్ అయి అవతలికి చేరకపోతే ఏం చేయాలో 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్‌లో రాసిపెట్టింది. మనిషి నుంచి మనిషికి పంపిన డబ్బయితే మర్నాటికల్లా వెనక్కి రావాలి. దుకాణానికి కట్టి, అక్కడ ఖరారు కాకపోతే అయిదు రోజులు. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. అంటే ‘అయింది’, ‘కాలేదు’ అన్న రెండింటికీ మధ్య ‘ఇంకా తెలియదు’ అనే స్థితి ఒకటి ఉందని ఒప్పుకుని, దానికి గడువు పెట్టి, ఆ గడువుకు ధర కూడా కట్టారు.

మన కోడ్‌లో ఈ మూడో స్థితికి చోటుండదు. నేను రివ్యూ చేసే వాటిలో ఎక్కువ శాతం ఒకే అచ్చు: జవాబు వస్తే పచ్చ రంగు, టైమౌట్ అయితే ఎర్ర రంగు, కింద ‘మళ్లీ ప్రయత్నించండి’ అనే బటన్. టైమౌట్ మనకు చెప్పేది ఒక్కటే, మన ఓపిక అయిపోయిందని. అవతల సర్వర్ పని పూర్తిచేసి, జవాబు దారిలో పోగొట్టుకుని ఉండొచ్చు. ఆ బటన్ నొక్కమని జనాన్ని మనమే పురికొల్పుతున్నాం. ఆర్డర్ మొదలైనప్పుడే ఒక నంబరు పుట్టించి, ఎన్నిసార్లు నొక్కినా అదే పంపితే ఈ పీడ చాలావరకు పోతుంది. ఇంత చిన్న పనిని ఎందుకు వాయిదా వేస్తారో నాకు అర్థం కాదు.

ఇలా జవాబు కోసం ఆగే కోడ్ రాయడం మా వయసువాళ్లు చాలామంది కాల్‌బ్యాక్‌లతో మొదలుపెట్టారు. ర్యాన్ డాల్ 2009లో నోడ్ తెచ్చినప్పుడు, ఏ పని అడిగినా ‘అయ్యాక ఈ ఫంక్షన్‌ను పిలువు’ అని చెప్పాల్సిందే. ఒకదానిలో ఒకటి దూరి కోడ్ కుడివైపుకు జారిపోతుండేది. జావాస్క్రిప్ట్‌కు 2015లో ప్రామిస్‌లు, 2017లో అసింక్-అవెయిట్ వచ్చాయి. అసింక్-అవెయిట్ సీషార్ప్‌కు 2012లోనే, పైథాన్‌కు 2015లో వచ్చింది. ఇప్పుడు కోడ్‌ను పైనుంచి కిందికి కథలా చదువుకోవచ్చు. హాయిగానే ఉంది. అయినా నాదొక చాదస్తం: కాల్‌బ్యాక్ ఎంత వికారంగా ఉన్నా, ఇక్కడ కాలం గడుస్తోందని కంటికి కనిపించేది. అవెయిట్ ఆ ఖాళీని ఒక్క మాట వెనక దాచేసింది. ఆ మాట దగ్గర మన ఫంక్షన్ తలుపు తీసిపెట్టి బయటికి వెళ్తుంది. తిరిగొచ్చేసరికి ఇంట్లో సామాను ఎవరో సర్దేసి ఉండొచ్చు.

ఎరువుల దుకాణం కోసం రాసిన చిన్న యాప్ ఒకటి ఈమధ్య నా దగ్గరికి వచ్చింది. యూరియా స్టాకు చూడాలి, ఉంటే రైతు పేరున ఒక బస్తా రాయాలి, స్టాకులో ఒకటి తగ్గించాలి. ప్రతి అడుగుకూ ఒక అవెయిట్. “జావాస్క్రిప్ట్‌ల ఒక్కటే థ్రెడ్ గదన్నా, రెండు పనులు గుద్దుకునే ముచ్చటే లేదు” అన్నాడు రాసిన తమ్ముడు. ఈ భ్రమ అనుభవజ్ఞులకూ ఉంది. థ్రెడ్ ఒకటే కాబట్టి రెండు లైన్లు ఒకే క్షణంలో నడవవు, నిజమే. కానీ మొదటి రైతు కోసం డేటాబేస్‌ను అడిగి ఆగినప్పుడు, ఆ సందులో రెండో రైతు పని మొదలవుతుంది. ఆఖరి బస్తా ఇద్దరికీ కనిపిస్తుంది, ఇద్దరి పేర్లూ ఎక్కుతాయి. సీజన్‌లో యూరియా కోసం చెప్పులు వరుసపెట్టే ఊళ్లలో ఇలా జరిగితే దుకాణం ముందు ఏమవుతుందో ఊహించుకోండి.

మందు మాత్రం చిన్నదే. చూడటం, తగ్గించడం విడివిడిగా చేయొద్దు. ‘స్టాకు సున్నా కంటే ఎక్కువ ఉంటేనే ఒకటి తగ్గించు’ అని ఒకే వాక్యంగా డేటాబేస్‌కు చెప్పి, ఎన్ని వరుసలు మారాయో చూడాలి. ఒక వరుస మారితే బస్తా దొరికింది, మారకపోతే లేదు. రైతు పేరు రాయడమూ అదే ట్రాన్సాక్షన్‌లో జరగాలి.

మిగతావి చాలావరకు అలవాటుతో వదిలే జబ్బులు. అవెయిట్ రాయడం మరిచిపోతే పని జరుగుతుంది గానీ తప్పు జరిగినా మన ట్రై-క్యాచ్‌కు చిక్కదు. ఇలా దిక్కులేకుండా పోయిన తప్పులకు నోడ్ చాన్నాళ్లు హెచ్చరికతో సరిపెట్టింది, 2020లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి ప్రాసెస్‌నే ఆపేస్తోంది. చాలామంది తిట్టుకున్నారు. నేనైతే సంతోషించాను. ఫర్‌ఈచ్‌లో అసింక్ ఫంక్షన్ పెడితే అది ఎవరి కోసమూ ఆగదు, ఫర్-ఆఫ్ వాడాలి. ప్రామిస్ ఆల్‌లో ఒకటి విఫలమైతే తప్పు వెంటనే మన చేతికొస్తుంది, మిగతావి మాత్రం వెనక నడుస్తూనే ఉంటాయి. అన్నింటి ఫలితమూ కావాలంటే ఆల్‌సెటిల్డ్ ఉంది. ఇక వేల ఎస్సెమ్మెస్‌లు ఒక్కసారే పంపించి, అవతలి సర్వర్ పడిపోతే అన్నీ సరిగ్గా ఒకే సెకనుకు మళ్లీ ప్రయత్నించేలా రాసేవాళ్లున్నారు. లేవబోతున్నవాణ్ని మళ్లీ పడగొట్టడమే అది. ఒకేసారి ఎన్ని నడవాలో హద్దు పెట్టాలి. ప్రతి ప్రయత్నానికీ విరామం పెంచుతూ, అందులో కొంత యాదృచ్ఛికం కలపాలి.

ఇవన్నీ చెబితే ఎవరూ కాదనరు, చేసి చూపిస్తేనే నమ్ముతారు. ఆఫీసు వైఫైలో ప్రతిదీ రెప్పపాటులో వచ్చేస్తుంది, అక్కడ ఏ సందూ కనబడదు. అందుకని టెస్ట్ సర్వర్ నుంచి వచ్చే ప్రతి జవాబుకూ సున్నా నుంచి నాలుగు సెకన్ల దాకా ఎంతో కొంత ఆలస్యం కలపమంటాను, అప్పుడప్పుడు పని పూర్తిచేసి జవాబు మింగేయమంటాను కూడా. యూరియా యాప్ తమ్ముడు అలాగే చేశాడు. ఒకే బటన్‌ను రెండోసారి నొక్కడం, పాత వెతుకులాట జవాబు కొత్తదాని మీద వచ్చి కూర్చోవడం వాడే చూసి వాడే సరిచేశాడు. డెమోకు ముందు ఆ ఆలస్యం తీసేయమని మేనేజర్లు తప్పకుండా అడుగుతారు. డెమో మడికొండ ఐటీ పార్కులోనైతే తీసేయండి. వాడేవాళ్లు తోరణాల దగ్గర నిలబడేవాళ్లయితే అలాగే ఉంచండి.