అంతర్జాల పటములు – ఊరి పేర్లు : ఒక విమర్శ

గ్రంథవిమర్శకుడు పాఠమును పరిశీలించినట్లే పటమును విమర్శించువాడు పేర్లను పరిశీలింపవలెను. నది గీతవలన తెలియును. కొండ రంగువలన తెలియును. ఊరు మాత్రము పేరువలననే తెలియును. ఆ పేరు ఏ భాషలో నున్నదో, ఏ లిపిలో నున్నదో, ఎవరి పలుకుబడి ననుసరించినదో చూచినచో ఆ పటము ఎవరి నుద్దేశించి కూర్పబడినదో స్పష్టమగును.

నేడు కాగితముమీది పటములకంటె కంప్యూటరు తెరమీదను ఫోనులోను కనబడు అంతర్జాల పటములే ప్రజలకు ఎక్కువగా అందుబాటులో నున్నవి. వీనిని కూర్చువానిని వెబ్ మ్యాపింగ్ డెవలపరందురు. తెలుగున పటకర్త యనవచ్చును. అతని పని కేవలము యంత్రవిద్య యని పలువురు తలంచుచున్నారు. అందు సగము పాలు గ్రంథపరిష్కర్త పనియే. ఆ సగము సరిగా జరుగనందువలన కలుగు నష్టము తెలుగు రాష్ట్రముల ఎల్లలకు వెలుపల తరతరములుగా కాపురమున్న తెలుగువారికి ఎక్కువగా తగులుచున్నది. ఈ రెండు మాటలను నిరూపించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మన దేశమున పటనిర్మాణము నూతనవిద్య కాదు. సర్వే ఆఫ్ ఇండియా 1767లో ఏర్పడినది. విలియం లాంబ్టన్ 1802లో మదరాసు చెంతనున్న సెయింట్ థామస్ కొండయొద్ద ఆధారరేఖను కొలిచి మహాత్రికోణమితి సర్వేకు పునాది వేసెను. ఇంచుమించు ఆ కాలముననే మైసూరు సీమను కొలిచిన కాలిన్ మెకంజీ 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యెను. మెకంజీ భూమిని కొలిపించుటతో తృప్తిపడలేదు. ఏలూరువారైన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు అతని సేకరణకు అండయై నిలిచిరి. బొర్రయ్య 1803లో చిన్నవయసుననే మరణింపగా లక్ష్మయ్య ఆ భారమును వహించెను. వారును వారి సహాయకులును ఊరూర కరణములను, పెద్దలను అడిగి కైఫీయతులను సేకరించిరి. ఊరికి ఆ పేరు ఎట్లు వచ్చినదను వృత్తాంతము వానిలో పెక్కింట కలదు. కొలిచినవాడొకడు, విన్నవాడు వేరొకడు. ఆ పనికి విలువ వచ్చుట ఈ ఇరువురి కలయికవలననే.

ఇప్పటి పటకర్తకు గొలుసు లేదు, దుర్భిణి లేదు. 2004లో ఇంగ్లండున స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ఉమ్మడి పటమున ఎవరైనను దారులను, ఊళ్లను, పేర్లను చేర్చవచ్చును. 2005లో గూగుల్ మ్యాప్స్ వెలువడినది. ఆ సంవత్సరముననే దాని ఏపీఐ, అనగా ఇతరులు తమ ప్రోగ్రాములనుండి ఆ పటమును అడిగి తెప్పించుకొనుటకు గల ద్వారము, తెరువబడినది. హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రము నిర్వహించు భువన్ 2009లో వెలసినది. ఉక్రెయిన్ దేశీయుడగు వొలొదిమిర్ అగాఫొన్కిన్ 2011లో వెలువరించిన లీఫ్‌లెట్ అను ఉచిత పరికరముతో కొలది పంక్తులు వ్రాసి పటమును తెరమీదికి తేవచ్చును. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము భారతీయ సంస్థలు పటసమాచారమును సేకరించి ప్రకటించుటపై గల పూర్వపు ఆంక్షలను చాలవరకు సడలించినది. పరికరములకు కొదువ లేదని చెప్పవలెను.

పని జరుగు విధము నెరిగినగాని గుణదోషములు తేలవు. ప్రపంచపటమంతయు 256 చుక్కల పొడవు, 256 చుక్కల వెడల్పు గల ఒకే పలకగా మొదలగును. ఒక్కొక్క మెట్టు దిగినకొలది ప్రతి పలకయు నాలుగు పలకలగును. పదవ మెట్టునకే అవి 10,48,576 అగును. ఇన్నింటిమీది పేర్లను పటకర్త కన్నులార చూడజాలడు. అతడు ఒక నియమమును వ్రాసిపెట్టును. ఏ పేరు కనబడవలెనో, ఏ లిపిలో కనబడవలెనో, రెండు పేర్లు ఒకదానిపై నొకటి పడినచో ఏది తొలగవలెనో ఆ నియమమే తీర్పు చెప్పును. తాటాకు ప్రతిలో లేఖకుని పొరపాటు ఆ ఒక్క ప్రతిని చెరచును. పటకర్త నియమములోని పొరపాటు పలకలన్నింటిని ఏకకాలమున చెరచును. కావున అతని బాధ్యత లేఖకుని బాధ్యతకంటె పెద్దది.

మొదటి దోషము పేరును ఎన్నుకొనుటలో నున్నది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి ఊరికిని ప్రధాననామమునకు ఒక గడి కలదు. దానితోపాటు భాషకొక గడి చొప్పున ఎన్ని పేర్లనైనను చేర్చవచ్చును; పాత పేరునకును మారుపేరునకును వేరువేరు గడులు కలవు. ఇది మిక్కిలి ఉదారమైన ఏర్పాటు. బ్రహ్మపుర్ అను ఒడియా పేరునకును బరంపురము అను తెలుగు పేరునకును అందు తగవు లేదు. ఒకటి మరొకదానిని తొలగింపదు. కాని ఆ సంస్థవారి సామాన్యపటము ప్రధాననామమును మాత్రమే చూపును. భారతదేశమున ఆ గడి అధికముగా ఆంగ్లలిపితో నిండియున్నది. ఆ పలకలను యథాతథముగా తెచ్చి వాడు పటకర్త పర్లాకిమిడి, హోసూరు, షోలాపురము అను తెలుగు రూపములు సమాచారకోశమున నున్నను వానిని మరుగుననే యుంచుచున్నాడు. నామినేటిం అను శోధనయంత్రము భాషాసూచకమును తెలిపి అడిగినచో తెలుగు గడిలోని పేరునే యిచ్చును. పటకర్త ఆ సూచకమును ఆంగ్లమని బిగించియుంచినచో ఆ పేరు ఎన్నటికిని బయటపడదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. ఇచ్చట అమ్మ సిద్ధముగా నున్నది, అడుగువాడే లేడు.

రెండవ దోషము లిపి మార్పిడిలో నున్నది. తెలుగు గడి ఖాళీగా నున్నచోట ఆంగ్లలిపినుండి యంత్రముచే తెలుగు రూపమును పుట్టించు పద్ధతి కలదు. గూగుల్ సంస్థ తన పటమునందలి స్థలనామములకు ఇట్టి మార్పిడిని పది భారతీయభాషలలో మెరుగుపరచినట్లు 2021లో ప్రకటించినది. తన లిపి మాత్రమే తెలిసిన పాఠకునకు ఇది మేలు చేయును. ఆ గుణమును అంగీకరింపవలసినదే. కాని ఆంగ్లలిపిలో టకార తకారములకును, లకార ళకారములకును, హ్రస్వ దీర్ఘములకును భేదము నిలువదు. కర్ణాటకమున విజయనగర జిల్లాయందలి కొట్టూరును, శ్రీకాకుళము జిల్లాయందలి కొత్తూరును ఆంగ్లమున ఒకే తీరున వ్రాయుట సులభము. ఒకదానిలో ట్టకారము, మరొకదానిలో త్తకారము; అర్థములు వేరు, చరిత్రలు వేరు. ఆంగ్లమునుండి వెనుకకు వచ్చు యంత్రము ఊహింపవలసినదే గాని ఎరుగజాలదు.

అదియును గాక ఆంగ్లవర్ణక్రమము స్థిరమైనది కాదు. కర్ణాటక ప్రభుత్వము 2014 నవంబరు 1వ తేదీన బళ్లారి, బెంగుళూరు మున్నగు 12 నగరముల ఆంగ్లవర్ణక్రమమును మార్చినది. తమిళనాడు ప్రభుత్వము 2020 జూనులో 1,018 స్థలముల ఆంగ్లవర్ణక్రమమును మార్చుచు వెలువరించిన ఉత్తరువును కొలది దినములలోనే ఉపసంహరించుకొన్నది. ఈ మార్పులు జరుగుచుండగా తెలుగువారి నోట బళ్లారి బళ్లారిగనే యుండెను. కదలని దానిని విడిచి కదలుచున్న దానిని ఆధారముగా గొనుట పరిష్కర్తకు తగిన పని కాదు.

మూడవ దోషము అక్షరములను గీయుటలో నున్నది. బళ్లారి యనునది చదువరికి మూడక్షరములు. కంప్యూటరునకు అది ఏడు సంకేతములు: బకారము, ళకారము, పొల్లు, లకారము, దీర్ఘము, రకారము, గుడి. వీనిని కలిపి లకారపు వత్తును ళకారము క్రిందికి చేర్చుట ఒక ప్రత్యేకమైన పని. 2015లో వెలువడిన మ్యాప్‌నిక్ మూడవ రూపము హార్ఫ్‌బజ్ అను పరికరముచే ఆ పనిని సక్రమముగా చేయించుకొన్నది. తరువాత ప్రచారములోనికి వచ్చిన వెక్టరు పటముల పద్ధతిలో వేగము పెరిగినది గాని ఈ కూర్పు తప్పిపోయినది. ఆ పద్ధతిని తెచ్చిన పరికరములు అక్షరములను 256 సంకేతముల కట్టలుగా తెప్పించుకొని వరుసగా పేర్చునట్లు రచింపబడినవి. 3072 మొదలు 3327 వరకు గల ఒకే కట్టలో తెలుగు కన్నడ లిపులు రెండును కలిసి ప్రయాణము చేయుచున్నవి. సోదరలిపులు రెండును ఒకే మూటలో వచ్చి, ఒకే తీరున వత్తులు చెదరి తెరమీద పడెను. ఎడమవైపునకు నడచు అరబ్బీ లిపికి అనుబంధపరికరము త్వరగానే సమకూరినది. భారతీయలిపులు చిరకాలము నిరీక్షింపవలసి వచ్చినది. ఇందు ద్వేషమేమియు లేదు. రచించినవారి యెదుట వత్తు గల లిపి లేకపోవుటయే కారణము. ఇట్టిచోట తెలిసిన పటకర్త పేరును పటయంత్రమునకు అప్పగింపక బ్రౌజరుచేతనే వ్రాయించును. బ్రౌజరునకు వత్తులు తెలియును. లీఫ్‌లెట్ వంటి పరికరములలో ఇది కష్టసాధ్యము కాదు.

నాలుగవ దోషము వెదకుటలో నున్నది. పేరు చెప్పినచో స్థలమును చూపుటకు జియోకోడింగు అని పేరు. బరంపురమును ఆంగ్లమున అడిగినచో ఒడిశాయందలి నగరమో, పశ్చిమబంగాళమునందలి బహరంపూరో యను సందేహము పుట్టును. ఈ రెండింటి పాత ఆంగ్లరూపములు మిక్కిలి దగ్గరివి. యానాము కథ మరింత విచిత్రమైనది. అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిది. పుదుచ్చేరికి దానికి రహదారి మార్గమున 800 కిలోమీటర్లకు మించిన దూరము. దాని తపాలా సంఖ్య 533464. మొదటి రెండంకెలను చూచినవాడు దానిని ఆంధ్రప్రదేశ్‌లో చేర్చును. పటకర్త తపాలా సంఖ్యనుబట్టి రాష్ట్రమును నిర్ణయించు నియమమును వ్రాసినచో యానాము పౌరుడు తన చిరునామాను పూరించుటకు పోయి, తనది కాని రాష్ట్రమును ఒప్పుకొనవలసివచ్చును. నియమము శుద్ధముగనే యున్నది. చరిత్ర దానికి లొంగలేదు.

ఇచ్చట రెండు ఆక్షేపణలు వినవచ్చును. పటముమీద పెక్కు భాషలు చేరినచో చదువుట కష్టమగునని మొదటిది. కాగితపు పటమునకు ఇది సత్యము. అంతర్జాల పటమున అన్ని పేర్లను ఒకేసారి చూపనక్కరలేదు. చదువరి కోరిన భాషను మాత్రమే చూపవచ్చును. ఇతర మాధ్యమములకు లేని ఆ సౌకర్యమును వాడకుండుటయే దోషము. రాయగడకో కోలారునకో తెలుగు పేరును వ్రాయుట సరిహద్దుల తగవులను లేపునని రెండవది. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. కాని పేరు హక్కుపత్రము కాదు, పలుకుబడికి సాక్ష్యము మాత్రమే. ఇచ్ఛాపురపు ఊళ్లకు ఒడియావారు వాడు పేర్లును, చిత్తూరు పల్లెలకు తమిళులు వాడు పేర్లును, మడకశిర ప్రాంతమున కన్నడిగులు వాడు పేర్లును అట్లే నమోదు కావలెను. మనము కోరుదానిని ఇతరులకు ఒసగినప్పుడే ఈ కోరిక న్యాయమగును.

దోషమంతయు పటకర్తమీదనే మోపుట న్యాయము కాదు. తెలుగు గడి ఖాళీగా నున్నచోట అతడు ఏమి చూపగలడు? ఓవర్‌పాస్ అను ఏపీఐని అడిగినచో ఒక సరిహద్దులోపల తెలుగు పేరు లేని ఊళ్లన్నింటి పట్టికను ఇచ్చును. ఆ పట్టికను నింపవలసినవారు ఆ ఊళ్లలోని తెలుగువారే. అందు రెండు నియమములు పాటింపవలెను. ఇతరుల పటములనుండి పేర్లను ఎత్తివ్రాయరాదు. అది ఆ ఉమ్మడి పటమునకు సమ్మతము కాదు. వాడుకలో లేని పేరును అభిమానముకొలది కల్పింపరాదు. అట్టి పేరు యంత్రపు ఊహకంటె మేలైనది కాదు. ఊరి పెద్దలు పలుకు పేరేది, శుభలేఖలలో అచ్చువేయించు పేరేది, పాత దస్తావేజులలో నున్న పేరేది అని విచారించి, ఆ సాక్ష్యము లభించిన పేరునే చేర్పవలెను. సాక్ష్యము లేనిచో గడిని ఖాళీగా విడుచుటయే మర్యాద.

ఈ పనికి పెద్ద విద్వాంసులు అక్కరలేదు. హోసూరు, డెంకణికోట ప్రాంతమునను, గుణుపురము, పర్లాకిమిడి ప్రాంతమునను తెలుగు చదువు పిల్లలు తాతలనడిగి తమ చుట్టుపట్ల పది ఊళ్ల పేర్లను శుద్ధముగా వ్రాసి తెచ్చినను చాలును. ముందుతరమువారి నోటినుండి జారిన పేరు తరువాత ఏ యంత్రమునకును దొరకదు. ఆ పిల్లలకు ప్రాంతీయభాషయు, ఆంగ్లమును పాఠశాలలోనే వచ్చును. ఊరి తెలుగు పేరు మాత్రము ఇంటిలోనే వినబడవలెను, తెరమీద కనబడవలెను. తెరమీద లేని పేరు అశుద్ధమైన పేరను భావము లేతమనసులలో నాటుకొనుట సులభము.

కావున పటకర్త పనిని మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును. అతడు చదువరి భాషను అడిగెనా? ఉన్న పేరును విడిచి ఊహించిన పేరును చూపెనా? అక్షరమును వత్తుతో కూడ నిలిపెనా? ఈ మూడింటికి సరియైన సమాధానము చెప్పగల పటము వేగమున కొంత తగ్గినను ఉత్తమకృతియే. మెకంజీకి కావలి సోదరులు తోడైనట్లు నేటి పటకర్తకును భాష నెరిగినవారు తోడు కావలసియున్నది. ఆయా రాష్ట్రములందలి తెలుగు సంఘములు తమ ప్రాంతపు ఊళ్ల పట్టికను ఒక్కొక్కటిగా చేపట్టినచో ఆ కొరత తీరును.